ఆరిపోతే టైం రాయండి

పెద్దాసుపత్రి ఆపరేషన్ గదికి ఆ రోజు నలభై వంటవాళ్ళ టోపీలు వెళ్ళాయి. హోటలు వంటగదికి నలభై ఆకుపచ్చ గౌన్లు వెళ్ళాయి. హోటలు వాళ్ళు పోనీలే అనుకున్నారు. ఇద్దరు వంటవాళ్ళయితే ఆ గౌన్లు తొడుక్కుని ఉల్లిపాయలు కోయడం మొదలుపెట్టేశారట కూడా. ఆసుపత్రి వాళ్ళు మాత్రం ఫోన్ చేసి, లాండ్రీ నడపకపోయినా మనుషుల్ని ఉతికి ఆరేయడం తమకూ వచ్చని చూపించారు.

ఆ ఫోన్ ఎత్తింది పిన్ని. లాండ్రీ ఆవిడదే. మూడు నిమిషాలపాటు "సరేనండి", "పొరపాటేనండి" తప్ప ఆవిడ నోట ఇంకో మాట రాలేదు. ఫోన్ పెట్టేసి, అద్దం వెనక ఉన్న సర్వర్ పెట్టె వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకి పెట్టెలో ప్రాణముంటే అక్కడికక్కడే పోయేది. అప్పటికే పోయి ఉంది కాబట్టి సరిపోయింది.

"వైరమ్మా!" అని కేక పెట్టింది.

వైరమ్మ పిన్నికి సొంత అక్క కూతురు. అసలు పేరు వేరే ఉంది గానీ అందరూ మరిచిపోయారు. మెడలో ఎప్పుడూ రెండు మూడు వైర్లు వేలాడుతుంటాయని ఇస్త్రీ చేసే ఆడవాళ్ళు ఆ పేరు తగిలించారు. ఎవరితోనూ వైరం పెట్టుకునే మనిషి కాదు, ఉత్త వైర్లు పెట్టుకునే మనిషి. లాండ్రీకి వచ్చే ప్రతి మూటకీ ఒక చీటీ, చీటీకి ఒక నంబరు, ఆ నంబరు ఎవరిదో చెప్పడానికి ఒక సర్వర్, ఇదంతా నాలుగేళ్ళ క్రితం ఏర్పాటు చేసింది ఆమే. అంతకుముందు మూటల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టేవాళ్ళు. సగం గుర్తులు దారిలోనే చెరిగిపోయేవి. "ఇది పడదు పిన్నీ, నాదీ పూచీ" అని ఆ రోజు పిన్ని చేతిలో చెయ్యేసి మరీ చెప్పింది.

నాలుగేళ్ళు పడలేదు కూడా. ఈ పదిహేను రోజుల నుంచే రోజుకోసారి, ఒక్కో రోజు రెండుసార్లు ఉన్నట్టుండి ఆగి పడుతోంది. కౌంటరు వాళ్ళు "పడుకుంది" అనేవాళ్ళు. ఇస్త్రీ వాళ్ళు "అలిగింది" అనేవాళ్ళు. బావ మాత్రం ప్రతిసారీ "చచ్చింది" అనేవాడు. బావ అంటే పిన్ని అల్లుడు, కొత్త హోటళ్ళనీ ఆసుపత్రులనీ మాట్లాడి తెచ్చే మనిషి. మంచివాడే, నోరే కాస్త పెద్దది.

పడ్డప్పుడల్లా వైరమ్మ పరుగెత్తుకెళ్ళి లేపుతుంది. అది లేచి ఏమీ ఎరగనట్టు పని చేసుకుపోతుంది. కాకపోతే పూర్తిగా లేవడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ పన్నెండు నిమిషాల్లో కౌంటరు దగ్గర మూటలు గుట్టలు పడతాయి, బండివాడు హారను కొడతాడు, ఎవరో ఒకరు ఓపిక పట్టలేక మూట ముఖం చూసి పోల్చుకున్నామనుకుని ఎక్కించేస్తారు. టోపీలు ఆపరేషన్ గదికి వెళ్ళింది అలాగే.

వైరమ్మ చేయని ప్రయత్నం లేదు. ముందు వేడిని అనుమానించింది. పెట్టె విప్పి, లోపలి నూలు దుమ్మంతా బ్రష్షుతో దులిపి, ఫ్యాన్లు తుడిచింది. మర్నాడు పడింది. మెమరీ ముక్కలు ఒక్కొక్కటే పీకి చూసింది. పడింది. డిస్కు మార్చింది. పడింది. సర్వర్‌కి కరెంటు పంచే లోపలి భాగాన్ని కూడా కొత్తది వేసింది. అయినా పడింది. సర్వర్ తనకు తానుగా ఒక డైరీ రాసుకుంటుంది, ఏదైనా జబ్బు చేస్తే అందులో ఏడుస్తుంది. ఆ డైరీ చూస్తే ఏ ఏడుపూ లేదు. వాక్యం మధ్యలో ఆగిపోయి ఉంది, అంతే. కరెంటు పోయినా కాసేపు నిలబెట్టడానికి యూపీఎస్ ఒకటి బల్ల కింద మూలన ఉండనే ఉంది, దాని పచ్చ దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది. తల ప్రాణం తోకకి వచ్చింది ఆమెకి.

ఇక మిగిలింది కాపలా. ఎప్పుడు పడుతోందో నిమిషంతో సహా తెలిస్తే, ఆ నిమిషంలో ఇంకేం జరుగుతోందో చూడొచ్చు. కౌంటరు అక్కకి ఒక అట్టముక్క ఇచ్చి, తెర నిలిచిపోయినప్పుడల్లా టైం వేయమంది. ఒక్క సాక్షి చాలదని, ఆరబెట్టే హాల్లో ఉండే డ్రమ్ముల మామయ్యకి కూడా ఒక పుస్తకం ఇచ్చింది.

డ్రమ్ముల మామయ్య ఆమెకి చుట్టం కాదు, లాండ్రీ మొత్తానికీ మామయ్య. ఆ హాల్లో వరసగా ఐదు పెద్ద డ్రమ్ములున్నాయి, తడి బట్టల్ని వేడిగాలిలో తిప్పి ఆరబెట్టేవి. ఇరవై రెండేళ్ళుగా వాటి ఎదురుగా ఒక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. డ్రమ్ముల వెనక గోడకి అద్దాల కిటికీ, అద్దం వెనక సర్వర్, దాని నెత్తిన పచ్చ లైటు. స్టూలు మీంచి చూస్తే అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి.

అసలు తిరకాసు అక్కడే వచ్చింది. ఆ రోజు వైరమ్మ భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఒక చేత్తో విప్పిన డిస్కు పట్టుకుని, గడ్డంతో అటువైపు చూపిస్తూ, "మామయ్యా, మీకిక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది కదా. ఆరిపోయినప్పుడల్లా టైం రాసిపెట్టండి" అంది.

మామయ్య లేచి నిలబడ్డాడు. "ఎప్పుడు ఆరినా రాయాలా?"

"ఎప్పుడు ఆరినా. ఒక్కటి కూడా వదలొద్దు."

"వదల్ను" అన్నాడు మామయ్య. ఆ ముఖంలో అంత వెలుగు ఎందుకు వచ్చిందో ఆమె గమనించనే లేదు. ఫోన్లో అవతలివాడు డిస్కుల గురించి ఏదో చెబుతున్నాడు.

ఈలోగా టోపీల గొడవ జరిగింది. పిన్ని సహనం అయిపోయింది. "శుక్రవారం దాకా చూస్తాను. తర్వాత కొత్తది కొనేద్దాం" అని తేల్చేసింది. బావకి ఆ మాట చాలు. గురువారం మధ్యాహ్నానికల్లా ఒక అమ్మకాల మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిరి గొట్టాల మధ్య, ఆ ఉక్కలో, మెడకి టై బిగించుకుని వచ్చాడు ఆ పెద్దమనిషి. ఇస్త్రీ వాళ్ళు చూసీ చూడగానే ఆయనకి టై అన్నయ్య అని పేరు పెట్టేశారు.

"మేడమ్, పడేదాన్ని లేపుతూ కూర్చోవడం ఎందుకు? పడనిది పెట్టుకుంటే పోలా?" అన్నాడాయన పిన్నితో. "మాది ప్యాకేజీ. సర్వర్, దానికి అద్దం బీరువా, కొత్త యూపీఎస్, అన్నీ మావే. పాత సామాను ఒక్కటి కూడా ఉంచం. మీ అమ్మాయిగారే చూసుకోవచ్చు, మేం నేర్పిస్తాం."

బొమ్మ చూపించాడు. నల్లటి బీరువా, లోపల నీలం లైట్లు. బావ కళ్ళు కూడా నీలంగా మెరిశాయి.

పిన్ని బొమ్మని పక్కన పెట్టి ఇస్త్రీ బల్లల వైపు చూసింది. అక్కడ నలుగురు ఆడవాళ్ళు నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నారు. అందరిలోకీ పెద్దామె మణికట్టుకి గుడ్డ చుట్టుకుని ఉంది. ఈ ఏడు వాళ్ళకి రోలర్ మిషన్ కొంటానని పిన్ని మాటిచ్చింది. దుప్పటి ఒక పక్క పెడితే ఇంకో పక్క మడత లేకుండా వచ్చేస్తుంది, చేతుల నొప్పి ఉండదు. సర్వర్ కొంటే రోలర్ వచ్చే ఏటికి పోతుంది. ఆ సంగతి పిన్నికి తెలుసు, వైరమ్మకి తెలుసు, గుడ్డ చుట్టుకున్న పెద్దామెకి కూడా తెలుసు. ఆమె ఇస్త్రీపెట్టె ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"అసలు ఎన్నిసార్లు పడుతోంది మేడమ్?" అని అడిగాడు టై అన్నయ్య.

"మామయ్యా, ఆ పుస్తకం తీసుకురండి" అంది వైరమ్మ.

మామయ్య పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, చేతులు తుడుచుకుని మరీ వచ్చాడు. బావ చేతిలో పెట్టాడు. బావ తెరిచి పైకి చదవడం మొదలుపెట్టాడు.

"తొమ్మిది ఇరవై, ఆరింది. తొమ్మిది ముప్పై ఐదు, ఆరింది. తొమ్మిది నలభై, ఆరింది. తొమ్మిది యాభై రెండు..." ఆగి పేజీలు తిప్పాడు. "ఏంటిది? ఆరు రోజుల్లో తొంభై సార్లా?"

టై అన్నయ్య జాలిగా తల ఊపాడు. "రోజుకి పదిహేను సార్లు! మేడమ్, ఇది సర్వర్ కాదు, టార్చిలైటు."

నవ్వులు లేచాయి. వైరమ్మ పుస్తకం లాక్కుని చూసింది. రెండో నంబరు తువ్వాళ్ళు, నాలుగో నంబరు కోట్లు, ఒకటో నంబరు బల్లగుడ్డలు, ఆరింది, ఆరింది, ఆరింది. ఆమెకి చెవులు వేడెక్కాయి.

"మామయ్యా! నేను రాయమన్నది పెట్టె ఆరిపోతే! బట్టలు ఆరితే కాదు! వారం రోజులు దీనికోసమేనా నేను ఎదురుచూసింది? ఎవరైనా బట్టలు ఆరిన టైం రాస్తారా?"

అందరి ముందూ అంది. కాస్త గట్టిగానే అంది.

మామయ్య ముఖం చిన్నబోయింది. "నువ్వు ఆరిపోతే రాయమన్నావు. నా దగ్గర ఆరేవి బట్టలేగా అమ్మాయ్" అన్నాడు. "ఇన్నేళ్ళలో ఇవి ఎప్పుడారాయి అని ఎవరూ అడగలేదు. నువ్వడిగావు కదా అని ఒక్కటీ వదలకుండా రాశాను" అని, వెనక్కి తిరిగి తన స్టూలు దగ్గరికి వెళ్ళిపోయాడు.

నవ్వినవాళ్ళంతా నవ్వాపేశారు. పిన్ని టై అన్నయ్యతో, "రేపు పొద్దున మీ మిషన్ ఒకటి తెచ్చి నడిపి చూపించండి. బాగుంటే ఉంచేస్తాం" అంది. వైరమ్మ పుస్తకం పట్టుకుని సర్వర్ పక్కన కూలబడింది.

కోపం దిగాక మనిషికి సిగ్గు ఎక్కుతుంది. ఆమెకీ ఎక్కింది. పుస్తకాన్ని కనీసం మర్యాదగా తిరిగి ఇద్దామని, ఇచ్చేముందు ఒకసారి సరిగ్గా చూద్దామని తెరిచింది. ముత్యాల్లాంటి రాత. ఏ డ్రమ్ము, ఏ బట్ట, ఏ టైం, పక్కన ఏదైనా విశేషం ఉంటే అది. రెండు చోట్ల "మూడు. దుప్పట్లు. 11.10 ఆరింది. గంట కొట్టా" అని కనిపించింది. ఎందుకో కౌంటరు అక్క ఇచ్చిన అట్టముక్క తీసి పక్కన పెట్టింది. అందులో సర్వర్ పడ్డ టైములు ఏడున్నాయి. మొదటిది పోయిన గురువారం, 11.10.

రెండోది చూసింది. శుక్రవారం 2.46. పుస్తకంలో శుక్రవారం, మూడు, దుప్పట్లు, 2.45, ఆరింది, గంట కొట్టా. మూడోది, నాలుగోది, ఏడూ చూసింది. ఏడుకి ఏడూ మూడో డ్రమ్ము ఆరిన నిమిషంలోపే.

కానీ మూడో డ్రమ్ము వారంలో పదమూడు సార్లు ఆరింది. మిగతా ఆరు సార్లూ సర్వర్ ఎందుకు పడలేదు? వేలు పెట్టి ఒక్కొక్కటే వెతికింది. ఆ ఆరూ రోజుకొకటి చొప్పున ఉన్నాయి, ప్రతి రోజూ ఆఖరిది. వాటి పక్కన మాత్రం గంట మాట లేదు.

ఆమె పుస్తకం పట్టుకుని హాల్లోకి ఒక్క ఉరుకు ఉరికింది. మామయ్య స్టూలు మీద ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆమెని చూసి డ్రమ్ముల వైపు తిరిగాడు.

"మామయ్యా, తప్పయిపోయింది. అందరి ముందూ అలా అనకూడదు."

"నాకేం? నేను ఆరబెట్టేవాణ్ణి. రాసేవాణ్ణి కాదు."

"మీరు రాసినంత బాగా నా సర్వర్ కూడా రాయలేదు. ఒక్క సంగతి చెప్పండి. ఈ గంట ఎందుకు కొడతారు?"

గంట సంగతి అడిగేసరికి మామయ్య మెత్తబడ్డాడు. పని గురించి అడిగితే ఎంత అలిగినా చెప్పకుండా ఉండలేడు. "ఆసుపత్రి మందపు దుప్పట్లు వస్తున్నాయి కదా ఈ మధ్య, పదిహేను రోజుల నుంచీ. అవి మూడో దాంట్లోనే పడతాయి. పిండి తెచ్చిన తడి దుప్పట్లు పెట్టడానికి ఇక్కడ చోటు లేదు. అందుకని మూడు ఆరి ఖాళీ అయితేనే గంట కొడతాను. అప్పుడు అవతల పిండే మిషన్ తిప్పుతారు. ఆఖరి లోడుకి గంట ఉండదు, పిండడానికి ఏమీ మిగలదు కాబట్టి."

"మరి పొద్దున మొదటి లోడు?"

"అది ఏడింటికే పిండేస్తారు. నీ పెట్టె తొమ్మిదికి గానీ లేవదుగా."

నిజమే. ఊరికే కరెంటు కాలుతుందని కౌంటరు మూశాక సర్వర్‌ని ఆపించేది పిన్నే.

మామయ్య గడియారం చూశాడు. లేచి మూడో డ్రమ్ము తలుపు తీసి, లోపలి దుప్పటిని అరచేతి వెనకవైపుతో తాకాడు. "ఇదుగో, ఆరాయి. చూడు కావాలంటే." గోడకున్న గంట కొట్టాడు. గోడ అవతల పిండే మిషన్ మోటారు మూలుగుతూ కదిలింది. తడి దుప్పట్లంటే మాటలా, మొదటి తిప్పుకి దాని తాతలు దిగివచ్చినంత పనవుతుంది. హాల్లో లైట్లు ఒక్క రెప్పపాటు మసకబారి మళ్ళీ వెలిగాయి.

అద్దం వెనక పచ్చ లైటు మాత్రం మళ్ళీ వెలగలేదు.

ఇద్దరూ కాసేపు దానివైపే చూశారు. "ఆరిపోయింది" అన్నాడు మామయ్య. "దీన్ని రాయమంటావా?"

వైరమ్మకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మోటారు కదిలే అర సెకనులో కరెంటు కుంగుతోంది. లైట్లయితే రెప్ప కొట్టి ఊరుకుంటాయి, సర్వర్‌కి అంత ఓర్పు లేదు. ఆ అర సెకను దాన్ని నిలబెట్టడానికే యూపీఎస్ ఉన్నది. ఆమె బల్ల కింద దూరి దాన్ని బయటికి లాగి మూత విప్పింది. లోపలి బ్యాటరీ పంటినొప్పి వచ్చిన బుగ్గలా ఉబ్బిపోయి ఉంది. ఎప్పుడు చచ్చిందో ఏమో. పచ్చ దీపం చెప్పేది గోడలో కరెంటు ఉందని మాత్రమే, బ్యాటరీ బతికుందని కాదు. ఆ దీపాన్ని చూసి ఆమె పదిహేను రోజులు మోసపోయింది.

మామయ్య వంగి చూశాడు. "దీని మీద తేదీ ఏదీ?"

"ఏం తేదీ?"

ఆయన దగ్గరున్న డ్రమ్ము పక్క మూత తీసి చూపించాడు. లోపలి బెల్టు మీద చెరగని సిరాతో ఒక తేదీ రాసి ఉంది. మోటారు మీద ఒకటి, తలుపు రబ్బరు మీద ఒకటి, నెత్తిన ఉన్న ట్యూబులైటు మీద కూడా ఒకటి. "కొన్న రోజు కాదు, మార్చాల్సిన రోజు. కొన్న రోజు ఎక్కడో కాగితాల్లో ఉంటుంది. మార్చాల్సిన రోజు దాని ఒంటి మీదే లేకపోతే ఎవరికి గుర్తుంటుంది?"

వైరమ్మకి నాలుగేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. సర్వర్ ఎంచడానికి పదకొండు రోజులు తీసుకుంది. తన తప్పులు తనే దిద్దుకునే మెమరీ ఉన్నదే కావాలంది. ఒక డిస్కు పోయినా రెండోది పని చేసేలా జంట డిస్కులు కావాలంది. నలుగురిని అడిగింది, నాలుగు దుకాణాలు తిరిగింది. యూపీఎస్ మాత్రం ఆఖరి దుకాణంలో, వచ్చేస్తూ వచ్చేస్తూ, గల్లాపెట్టె పక్కన కనిపించిందని ఐదు నిమిషాల్లో తీసేసుకుంది. బ్యాటరీని మూడేళ్ళకి మార్చాలని దాని చిన్న పుస్తకంలోనే ఉంది. ఆ పుస్తకం ఇప్పటికీ బల్ల సొరుగులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది.

మనలో మాట, ఇక్కడ ఆమెకి ఒక చక్కటి దారి కనిపించింది. టై అన్నయ్య ప్యాకేజీలో కొత్త యూపీఎస్ ఉంది. రేపు నోరు మూసుకుని ఊరుకుంటే పాత సర్వర్ పోతుంది, కొత్తది వస్తుంది, అది పడదు. తప్పంతా పాత పెట్టె మీదికి పోతుంది. దానికి నోరు లేదు. ఉద్యోగం నిలుస్తుంది, పరువు నిలుస్తుంది. పోయేది ఒక్క రోలరే. ఆమె ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఇస్త్రీ బల్లల పక్క నుంచి వెళ్ళకుండా వెనక గుమ్మంలోంచి వెళ్ళింది. అంటే ఆ ఆలోచన ఎంతో కొంత చేసిందనే కదా.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి నల్ల బీరువా దిగింది. నీలం లైట్లు వెలిగాయి. ఇస్త్రీ వాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు. టై అన్నయ్య తన యూపీఎస్ గోదాములోంచి సాయంత్రం వస్తుందని, అప్పటిదాకా ఇక్కడున్న దాని మీదే నడుపుదామని అన్నాడు. "పచ్చగానే ఉందిగా" అని కూడా అన్నాడు. నిన్నటిదాకా వైరమ్మా ఆ మాటే అంది.

ఆమె మామయ్య దగ్గరికి వెళ్ళింది. "మూడు ఎప్పుడు ఆరుతుంది?"

"పదకొండు పదికి. ఓ నిమిషం అటూ ఇటూ."

తిరిగొచ్చి పిన్ని ముందు నిలబడింది. "పిన్నీ, పదకొండు పదికి మామయ్య గంట కొడతాడు. కొట్టగానే పాతదీ, కొత్తదీ రెండూ ఆరిపోతాయి. చూడు."

"ఇదెక్కడి జోస్యం వైరమ్మా?" అని బావ నవ్వాడు. కానీ పదకొండు అయ్యేసరికి అందరికంటే ముందు వచ్చి నిలబడింది బావే.

పదకొండు ఎనిమిదికి మామయ్య డ్రమ్ము తలుపు తీసి దుప్పటిని తాకి, "ఇంకా లేదు" అని మూసేశాడు. పదకొండు పదికి మళ్ళీ తీశాడు. తాకాడు. "ఊహూ." టై అన్నయ్య గడియారం చూసుకుని చిన్నగా నవ్వాడు. పదకొండు పన్నెండుకి మామయ్య తలుపు తీసి, తాకి, దుప్పట్లన్నీ బయటికి లాగి, తాపీగా చేతులు దులుపుకుని గంట కొట్టాడు.

మోటారు మూలిగింది. లైట్లు రెప్ప కొట్టాయి. పచ్చ లైటు పోయింది. దాని పక్కన నల్ల బీరువాలో నీలం లైట్లూ టపీమని పోయాయి.

ముందు తేరుకున్నది టై అన్నయ్య. "మా యూపీఎస్ పెడితే ఇలా అవదు మేడమ్! మా సర్వర్ తప్పేం లేదు, ఈ పాత బ్యాటరీ..."

"బ్యాటరీయా?" పిన్ని వైరమ్మ వైపు తిరిగింది. "బ్యాటరీ ఏమయింది?"

అదే క్షణం. "పాతబడిందట" అని ఊరుకోవచ్చు. టై అన్నయ్య మిగతాది చెప్పేస్తాడు. గుమ్మం దగ్గర పెద్దామె మణికట్టు గుడ్డని బిగించుకుంటూ నిలబడి ఉంది.

"చచ్చిపోయింది పిన్నీ. మూడేళ్ళకి మార్చాలి, నాలుగేళ్ళయినా మార్చలేదు. మార్చాలని రాసి ఉన్న పుస్తకాన్ని నేను తెరవనేలేదు. మన సర్వర్‌ది తప్పు కాదు. తప్పు నాది." అంతవరకు చెప్పేసరికి మిగతాది సులువైంది. "ఇంకోటి. దీన్ని కనిపెట్టింది నేను కాదు, మామయ్య పుస్తకం. నాకు చదవడం చేతకాక నిన్న ఆయన మీద అరిచాను. కొత్త సర్వర్ మనకక్కర్లేదు. మెయిన్ బోర్డు నుంచి మోటారుతో సంబంధం లేని విడి లైను లాగిద్దాం. వారానికోసారి తన బ్యాటరీని తనే పరీక్షించుకుని, బాగోలేకపోతే గోల చేసే యూపీఎస్ కొందాం. అది కూడా బ్యాటరీ సులువుగా మార్చుకునే రకం. అంతే. రోలర్ ఆపొద్దు."

పిన్ని అరవలేదు. పిన్ని అరిస్తే భయం ఉండదు, అరవకపోతేనే భయం.

"వారంలో ఎన్నిసార్లు పడింది?" అని నెమ్మదిగా అడిగింది.

"ఏడు."

"అయితే ఏడు రోజులు కౌంటర్లో నిలబడు. ఆసుపత్రి నుంచి ఫోనొస్తే నువ్వే ఎత్తు."

"సర్వర్‌ని ఎవరు చూస్తారత్తయ్యా?" అని బావ ఆశగా అందుకున్నాడు.

"వైరమ్మే చూస్తుంది. తప్పెక్కడుందో చెప్పింది అదొక్కతే కదా. నువ్వు చచ్చింది, చచ్చింది అనడం తప్ప ఏం చెప్పావు?"

ఇస్త్రీ పెద్దామె వచ్చి, వైరమ్మ మెడలో మెలిపడిన వైరుని సరిచేసి వెళ్ళింది. టై అన్నయ్య కూడా చెడ్డవాడేం కాదు. మెడలో టై వదులు చేసుకుని, "గోల చేసే యూపీఎస్ మా దగ్గరుంది మేడమ్, సర్వర్ లేకుండా అది ఒక్కటే ఇమ్మన్నా ఇస్తాం" అన్నాడు. అది ఆయన దగ్గరే కొన్నారు.

మంగళవారం ఎలక్ట్రీషియను విడి లైను లాగాడు. బుధవారం కొత్త యూపీఎస్ వచ్చింది. మామయ్య మూడో డ్రమ్ము ఖాళీ చేసి, గంట తాడు పట్టుకుని, కొట్టకుండా అద్దం వైపు చూశాడు. హాల్లో అందరూ చూశారు. కొట్టాడు. మోటారు మూలిగింది, లైట్లు రెప్ప కొట్టాయి. పచ్చ లైటు నిమ్మకు నీరెత్తినట్టు వెలుగుతూనే ఉంది. బావ ఈల వేశాడు.

కౌంటర్లోంచి కాసేపు సెలవడిగి వచ్చిన వైరమ్మ, కొత్త బ్యాటరీ ముందు గొంతుక్కూర్చుంది. "మామయ్యా, మీ కలం ఇలా ఇవ్వండి."

ఆ చెరగని సిరా కలాన్ని మామయ్య ఇరవై రెండేళ్ళలో ఎవరి చేతికీ ఇవ్వలేదు. కాసేపు ఆలోచించి జేబులోంచి తీసిచ్చాడు. ఆమె మూడేళ్ళ తర్వాతి తేదీ రాయబోయింది.

"రెండున్నరేళ్ళకే రాయి" అన్నాడు. "ఇంకా పెద్ద అక్షరాలతో రాయి. అప్పటికి నేనీ స్టూలు మీద ఉండను. గుర్తు చేసేది ఈ రాతే."

ఆమె తలెత్తి చూసింది. వంగి, పెద్ద పెద్ద అక్షరాలతో, నొక్కి నొక్కి రాసింది. రాసి మూత వేయబోతే మామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. పచ్చిగా ఉంది, చెదిరిపోతుంది."

ఇద్దరూ ఎదురుచూశారు. మామయ్య వంగి, అరచేతి వెనకవైపుతో సుతారంగా తాకాడు. గడియారం చూశాడు. స్టూలు కింద నుంచి పుస్తకం తీసి, తొంభై "ఆరింది"ల తర్వాత ఉన్న ఖాళీలో రాసుకున్నాడు.

"బ్యాటరీ. అమ్మాయి రాత. 11.32. ఆరింది."